కుడి భుజం మీద బొట్టు

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఎవణ్ణి పలకరించినా నిన్ననే ఏదో దేశం నుంచి దిగానంటాడు, ఎల్లుండి ఇంకో దేశం పోతున్నానంటాడు. ఆ రోజుల్లో అలా కాదు. మా యూసుఫ్‌గూడ గదుల్లో ఎవడైనా విమానం ఎక్కుతున్నాడంటే, ఆపరేషన్‌కి వెళ్లేవాణ్ణి చూసినట్టు ముందురోజు వీధంతా వచ్చి చూసి వెళ్లేది. అయిదో తరగతితో బడి మానేసి, డైలాగు కాగితాలూ పకోడీ పొట్లాలూ చదివి అక్షరం గట్టిపరుచుకున్న నాకు ఆ యోగం పట్టింది. మూడేళ్లు ఇస్త్రీపెట్టె తోశాక కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుగా నిలబడిన మొదటి సినిమా అది.

అందులో ఒక పాట. సగం జూబ్లీహిల్స్ బంగళాలో తీసేశారు. హీరోయిన్ హీరో ఎడమ భుజం మీద నుదురు ఆనిస్తుంది, ఆమె బొట్టు అతని తెల్లకోటుకి అంటుకుంటుంది, ఇద్దరూ తలుపు తీస్తారు, అవతల టోక్యో. (జూబ్లీహిల్స్‌లో గడప దాటితే టోక్యోలో కాలు ఎలా పడిందని ఈనాటి వరకూ ఏ పెద్దమనిషీ అడగలేదు. బొట్టు మరక మాత్రం వెంట్రుకవాసి జరగకూడదట!) రెండో కోటు కుట్టించలేదు. పెట్టెలో పెడితే ఆ పెట్టె ఎక్కడ తేలుతుందో తెలీదు, మడతపెడితే మరక రుద్దుకుపోతుంది. మా మాస్టారు, అంటే కాస్ట్యూమ్స్ పెద్దాయన, బాగా ఆలోచించి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వే తొడుక్కుని రా. బొట్టు చెదిరిందో, అట్నుంచి అటే ఇంటికి నడిచిపో" అన్నాడు. మధ్యలో సముద్రం ఉందని గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

బొంబాయిలో మారి ఎక్కిన విమానంలో తొమ్మిది గంటలు. ఎడమ భుజం దేనికీ తగలకుండా, మెడ బిగించి, పెళ్లిపీటల మీద పెళ్లికొడుకులా కూర్చున్నాను. దుప్పటి ఇస్తే వద్దన్నాను. భోజనం పళ్లెంలో ఎర్రటి కూరేదో కనబడితే గుండె జారి, దాన్నీ వద్దన్నాను. వెనక సీట్లోంచి షేక్‌పేట మేకప్ అన్న, "ఏంది రా హీరో, కట్టె లెక్క కూసున్నవ్? జర తిను, కోటు నేను పట్టుకుంట" అన్నాడు. "నువ్వు పట్టుకుంటే నీ చేతిరంగు కూడా అంటుతుందన్నా" అన్నాను. "అయితే ఉపాసం ఉండు, పుణ్యమన్న వస్తది" అని నా పళ్లెం కూడా అతనే లాగించాడు. భుజం మీది మరక తల వంచితే కంటికి సరిగ్గా ఆనేది కాదు. అందుకని గంటకోసారి బాత్రూములో దూరి, అద్దంలో బొట్టుని చూసుకుని, క్షేమమని నమ్మి వచ్చి కూర్చునేవాణ్ణి. నా అవస్థ కడుపుదనుకుందేమో, పక్కసీటు జపాను పెద్దావిడ ప్రతిసారీ జాలిగా కాళ్లు ముడుచుకునేది.

ఆఖరి గంటలో, పాపిష్టి కన్ను అంటుకుంది. మెలకువ వచ్చేసరికి భుజం చల్లగా తగిలింది. ఆ మహాతల్లి తడి రుమాలు పట్టుకుని, సంచిలోంచి తీసిన చిన్న సీసా పక్కన పెట్టుకుని, చిరునవ్వుతో నాకు వంగి వంగి దణ్ణాలు పెడుతోంది. కోటు పాలలా మెరిసిపోతోంది. నలభైసార్లు ఉతికినా పోని కుంకుమ ఆవిడ చేతిలోనే పోవాలా? అరుద్దామని నోరు తెరిచాను. ఆ మొహంలో మనవడికి ముక్కు తుడిచిన తృప్తి చూసి నోరు మూసుకుని, తిరిగి దణ్ణం పెట్టాను.

దిగాక మరక లేని చోటు మీద చెయ్యి అడ్డం పెట్టుకునే నడిచాను. పాస్‌పోర్టు చూసే ఆయన నొప్పా అన్నట్టు సైగ చేస్తే, అవునని తలూపాను. మాస్టారేమో అది చూసి, "అదీ శ్రద్ధంటే! చూసి నేర్చుకోండ్రా" అని అందరికీ చెప్పాడు. ఆ మాటతో ఊళ్లో అద్దాల మేడలూ, చప్పుడు చెయ్యని జనమూ ఏవీ నా కంటికి ఆనలేదు. గంటన్నరలో మొదటి షాటు. మేకప్ అన్నని రంగు అడిగితే సంగతి మాస్టారి చెవిన పడుతుంది.

కొబ్బరికాయ కొట్టకుండా కెమెరా తిప్పే అలవాటు మనవాళ్లకి ఏ దేశంలోనూ లేదు గనక, ప్రొడక్షన్ మేనేజరు దగ్గర కుంకుమ ఉండి తీరాలి. "కొంచెం బొట్టు పెట్టుకుంటానండీ" అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. "ఈ కాలం కుర్రాళ్లలో ఇంత భక్తా!" అని స్వయంగా నా నుదుటి మీద నిండుగా బొట్టు దిద్ది, పొట్లం చటుక్కున మూసేశాడు. "ఇంకాస్త..." అంటే, "ఇది దేవుడి సొమ్మురా" అని కసిరాడు.

సరే, ఉన్నది నుదుటి మీదే కదా! హోటలు గదిలో కోటుని నాకు ఎదురుగా హేంగరుకి తగిలించాను. కళ్లు మూసుకుంటే విమానంలో అద్దం కనిపించింది, అందులో నాకు ఎడమచేతి వైపు బొట్టు. దేవుడా అనుకుని, అదే వైపు నుదురు ఆనించి, కొంచెం పక్కకి జరిపాను. అచ్చం ఆ మరకే! కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

షాటు అయింది. డైరెక్టరు ఓకే అన్నాడు. ముందు తీసిన షాట్ల ఫొటోల పుస్తకంతో సరిచూడాల్సిన అసిస్టెంటు డైరెక్టరు నియాన్ దీపాలకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. హీరోకి గొడుగు పట్టడానికి వెళ్లి, ఆయన భుజాల వంక చూసి కొయ్యబారిపోయాను. బొట్టు కుడి భుజం మీదుంది! ఎదురుగా వేలాడే కోటుకి నా ఎడమ దాని కుడి అవుతుందని, నాకు బుద్ధి చెప్పేవాడు ఆ గదిలో ఎవడున్నాడు? మాస్టారు కూడా అప్పుడే చూశాడు. నా చెవి పట్టుకుని పక్కకి లాగి, నా నుదుటి మీద మిగిలిన కుంకుమ వంక ఓ క్షణం చూసి, అంతా గ్రహించాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. "ఒక షాటు అయిపోయింది గదా," అన్నాడు గుసగుసగా, "ఇక మూడు రోజులూ కుడివైపే ఉంచు. సరిదిద్దావంటే ఇద్దరం కలిసి ఇంటికి నడవాలి."

విడుదలరోజు హాల్లో నేను తెర చూడలేదు, జనాన్నే చూశాను. గడపకి ఇవతల ఎడమ భుజం, అవతల కుడి భుజం. ఈలలు వేశారు తప్ప ఒక్కడూ కనిపెట్టలేదు. ఊపిరి పీల్చుకున్నానా? లేదు, ఒళ్లు మండింది! తొమ్మిది గంటలు పస్తులున్నది ఎవరి కోసమయ్యా?

మొన్న మా ఆవిడ ఫోన్‌లో ఆ పాట పెట్టి, "పాపం, ఆ అమ్మాయి బొట్టు ఎంత బాగా అంటుకుందో చూడండి" అంది. కళ్లద్దాలు సవరించుకుని చూశాను. పేర్లు వేసేటప్పుడు నా పేరు వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యరు, ఈ పరిశ్రమ సంగతి నాకు తెలుసు. కానీ టోక్యో వీధుల్లో, హీరో గుండెకి అవతలిపక్కన, అంత పెద్ద తెర మీద వెలిగిన ఆ బొట్టు హీరోయిన్‌ది కాదు. ఆకలితో, భయంతో వణికిపోతున్న ఒక కుర్రవాడి నుదుటిది.