లూదమ్మ వెనక్కి తీసుకున్న సాక్ష్యం

బోధన్‌లో ఆ గల్లీ మొత్తానికీ లూదమ్మ నోరంటే హడల్. బాప్తిస్మానికి ముందు ఆమె పేరు గంగామణి. ఆ పేరుతో ఉన్నన్నాళ్ళూ, నల్లా దగ్గర బిందెల వరస తప్పిందంటే చాలు, ఎదుటివాళ్ళ ఏడు తరాలనూ లేపి కూర్చోబెట్టి మరీ తిట్టేది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డ మరుసటేడు మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి ముప్కాల్ వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలినవి మూడే: ఆమె, బీడీలు చేసుకునే చాట, ఆ నోరు. పదకొండేళ్ళ కింద మంజీరలో మునిగి లేచి లూదియ అని పేరు పెట్టించుకున్నాక, ఆ నోటిని గెలవడమే ఆమెకు రోజూ యుద్ధమైంది.

గెలిచింది కూడా. కోపం గొంతుదాకా వచ్చినప్పుడల్లా బీడీకని కత్తిరించిన తునికాకు ముక్క ఒకటి తీసి పళ్ళ మధ్య పెట్టుకునేది. ఆకు నోట్లో ఉంటే మాట బయటికి రాదు. దాని వగరు తగ్గేలోపు కోపమూ తగ్గేది. సంఘంలో అక్కచెల్లెళ్ళు నవ్వితే నవ్వారుగానీ, పాపాన్ని ఎదిరించడానికి అంత పనికొచ్చే ఉపాయం ఆమెకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు.

ప్రసంగాలకు మాత్రం కరువా! పాస్టరుగారు మూడు నెలలుగా 'పరిశుద్ధ జీవితం' మీదే చెబుతున్నారు. సినిమాలు చూడొద్దు, కల్లు దుకాణం ముందునుంచి నడవనే వద్దు, ఫోనులో పిచ్చి బొమ్మలు చూడొద్దు, ఇరుగుపొరుగు ముచ్చట్లు పెట్టొద్దు, శుక్రవారం ఉపవాసం తప్పొద్దు. అన్నీ మంచి మాటలే, కాదన్నదెవరు? ప్రతి మాటకూ ముందు వరసలోంచి అందరికన్నా గట్టిగా 'ఆమెన్' అనేది సంఘపెద్ద ఆత్మారాం. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట. నెలకోసారి ప్రభువు బల్ల జరిగేటప్పుడు రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేది కూడా ఆయనే.

వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆత్మారాం బీడీల ఖానాలో చెకర్. అంటే, ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర చేసి తెచ్చిన బీడీలను చూసి, మంచివి తీసుకుని, చెడ్డవి పక్కన పడేసే మనిషి. ఆ పడేయడాన్ని అక్కడ ఛాట్ అంటారు. మూతి సరిగ్గా మడవలేదనో, పొట్ట లావైందనో, ఆకు పగిలిందనో తీసి వెనక బుట్టలో వేస్తారు. వాటికి కూలి రాదు. పోనీ ఆ బుట్టలోవి చెత్తకుప్పకు వెళతాయా అంటే, రామ రామ, ఒక్కటీ వెళ్ళదు. అవి కూడా తోటి బీడీలతో కలిసి అదే లేబులు అంటించుకుని అంగళ్ళకు వెళతాయి. ఆడదాని వేళ్ళు అరిగింది ఉత్తపుణ్యానికన్నమాట. ఈ సంగతి బోధన్‌లో పిల్లకాయకు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం?

చిత్రమేమిటంటే, ఆరేళ్ళుగా లూదమ్మ చాటలోంచి ఒక్క బీడీ కూడా ఆ బుట్టలో పడలేదు. ఆత్మారాం చెకర్‌గా వచ్చిన నాటినుంచీ ఇదే వరస. ఆమె దాన్ని దీవెన అనుకుంది. మరేం అనుకుంటుంది పాపం! నమ్ముకున్న దేవుడు తన చేతిపనిని ఆశీర్వదించాడని పొంగిపోయింది. ఒక ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. పాస్టరుగారు మురిసిపోయి, నిజామాబాద్‌లో జరిగిన పెద్ద కూటాలకు తీసుకెళ్ళి మైకు చేతికిచ్చి అక్కడా చెప్పించారు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగిందా, అదీ లేదు. గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో ఉండే అంజవ్వకు కూడా చెప్పింది.

అంజవ్వ ఈమెకన్నా నాలుగేళ్ళు పెద్దది. ప్రతి మంగళవారం పోచమ్మకు దీపం పెట్టుకునే మనిషి. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ముప్పై ఏళ్ళుగా బీడీలు చేస్తున్నారు. అసలు లూదమ్మకు పని నేర్పిందే ఆమె. అంత పనిమంతురాలి బీడీలు మాత్రం వెయ్యికి యాభై, అరవై బుట్టలో పడుతున్నాయి. అప్పుడు లూదమ్మ ఏమందో తెలుసా? "మా ప్రభువును నమ్ముకో అంజవ్వా, నీ బీడీలు గూడ నిలుస్తయి" అంది. అంజవ్వ దారం తెంపి ఇంకో కట్ట కట్టుకుంది.

మొన్న మాఘంలో ఖానా నుంచి కబురొచ్చింది. అంజవ్వ పని చెడిపోయిందట, ఇంకో రెండుసార్లు ఇలాగే ఛాట్ పడితే కార్డు తీసేస్తారట. కార్డంటే బీడీ కార్మికురాలికి మామూలు కాగితం కాదు. అది ఉంటేనే పీఎఫ్, అది ఉంటేనే ముసలితనంలో పింఛను. ముప్పై ఏళ్ళు నడుం వంచి సంపాదించుకున్నది మొత్తం ఆ కార్డులోనే ఉంది. దిగులుతోనో ఏమో, సరిగ్గా ఆ వారమే అంజవ్వ కుడి మణికట్టు వాచి కత్తెర పట్టలేకపోయింది.

లూదమ్మ ఊరుకోలేదు. "తే ఇటు, నేను చేస్త" అని అంజవ్వ ఆకు, తంబాకు తీసుకుని, రెండు రోజులు కూర్చుని తన వెయ్యితో పాటు ఆమె వెయ్యి కూడా తానే చేసింది. అవే వేళ్ళు, అదే ఆకు, అదే దారం. ఈసారి అంజవ్వవీ నిలుస్తాయని ధీమాగా ఆమెను వెంటబెట్టుకుని ఖానాకు వెళ్ళింది.

ఆత్మారాం లూదమ్మ చాట ముందుకు లాక్కుని, ఒక కట్ట పైపైన తిప్పి చూసి, "వందనాలక్కా, ఫస్ట్ క్లాస్" అని పక్కన పెట్టాడు. తరవాత అంజవ్వ చాట లాక్కున్నాడు. ముఖం చిట్లించాడు. కట్ట విప్పి ఏరి ఏరి బుట్టలో వేయడం మొదలుపెట్టాడు. ఒకటా, రెండా! అరవై పైచిలుకు. "గింత లావు పొట్టలేంది? నీ చెయ్యి ఖరాబైంది అవ్వా" అన్నాడు.

లూదమ్మ ఆ బుట్టలోకి వంగి చూసింది. అవి తన బీడీలు! తన వేళ్ళతో మూతులు మడిచినవి! కళ్ళముందే ఆరేళ్ళ దీవెన గంగలో కలిసిపోయింది.

అంజవ్వను బయట కూర్చోబెట్టి మళ్ళీ లోపలికి వచ్చింది. "తమ్మీ, గా అవ్వ చాటల బీడీలు గూడ నేనే చేసిన. నా చాటలయి మంచిగుంటే, గవి ఎట్ల ఖరాబైనయి?" అని అడిగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆత్మారాంకు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జర మెల్లగ అక్కా. పైనుంచి హుకుం ఉంటది. దినాం ఇన్ని ఛాట్ తియ్యాలె అంటరు. ఎవలయో ఒకలయి తియ్యాలె గదా. మన సంఘపోళ్ళయి ఎందుకు తీస్త? బయటోళ్ళయి తీస్త."

"అంటే మా చాటలకెళ్ళి తియ్యాల్సినయి గూడ వాళ్ళ చాటలకెళ్ళి తీస్తున్నవా?"

"దేవుడు తన బిడ్డలను గట్లనే కాపాడుకుంటడు" అన్నాడు మహానుభావుడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అంజవ్వ కష్టాన్ని తెచ్చి లూదమ్మ చాటలో పోసి దానికి దేవుడి పేరు పెట్టాడు! పొమ్మన్న పాపం పోవచ్చు, రమ్మనకుండానే దీవెన వేషంలో వచ్చి కూర్చున్న పాపాన్ని ఎవరు పొమ్మంటారు? కల్లు దుకాణం ముందు తల తిప్పుకుని నడవొచ్చు. మన సంఘపోళ్ళం అని మెత్తగా పిలిచి చేతిలో పెట్టినదాన్ని చూసి ఎవరు తల తిప్పుకుంటారు? లూదమ్మకు ఆత్మారాం మీద ఎంత మండిందో తన మీద అంతకు రెట్టింపు మండింది. పదకొండేళ్ళు నోటికి కాపలా కాసింది, చాటకు కాపలా ఎవరు కాశారు?

అలవాటుగా తునికాకు ముక్క నోట్లో పెట్టుకుని పాస్టరుగారి ఇంటికి నడిచింది. ఆకును దవడకు తోసి జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపికగా విన్నారు. విని, "అమ్మా, కోపం సాతానుకు తలుపు తీస్తుంది. మీరు కోపాన్ని జయించిన మనిషి. ప్రార్థన చేయండి, ఆత్మారాంతో నేను మెల్లగా మాట్లాడతాను. బయట చెబితే సంఘం ఇజ్జత్ పోతుంది" అన్నారు.

"అంజవ్వ కార్డు పోతది అయ్యగారూ, ఇంకొక్కసారి ఛాట్ పడితే" అంది లూదమ్మ.

"అన్నీ ప్రభువు చేతిలో ఉన్నాయమ్మా."

"బీడీలు మాత్రం ఆత్మారాం చేతుల ఉన్నయి!" అని లేచి, వాకిట్లోకి వచ్చి నోట్లో ఆకు ఉమ్మేసింది. ఇన్నాళ్ళూ కోపమంటే ఒకటే అనుకుంది. బిందె వరస కోసం వచ్చే కోపం వేరు, పక్కింటిదాని అన్నం గుంజుకుంటుంటే వచ్చే కోపం వేరు. మొదటిదాన్ని మింగితే పుణ్యం. రెండోదాన్ని మింగితే దొంగతనంలో వాటా. ఈ ముక్క మూడు నెలల ప్రసంగాల్లో ఒక్కరోజైనా చెప్పారా? చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. ప్రభువు బల్ల ఉన్న ఆదివారమే. ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని కొంగు తలమీద వేసుకుని కూర్చున్నారు. పాట అయిపోయింది. "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరుగారు అడగ్గానే లూదమ్మ లేచింది. ఆయన ముఖం పాలిపోయింది.

"కొన్నేండ్ల కింద నేను గిక్కడనే నిలబడి, ప్రభువు నా బీడీలను దీవించిండని చెప్పిన. నిజామాబాద్‌ల మైకు పట్టుకొని చెప్పిన. మీరంత చప్పట్లు కొట్టిండ్రు. గది అబద్ధం. నావి నిలవడానికి మా అంజవ్వయి తీసి పడేసిండ్రు. నేను దొంగసొమ్ము తిన్న, తిని స్తోత్రం చెప్పిన. గా సాక్ష్యం వాపస్ తీసుకుంటున్న."

"కూసో అక్కా" అని పక్కనున్నామె కొంగు లాగింది. ఆమె కూడా బీడీలు చేసేదే, ఆమెవీ నిలిచేవే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

పాస్టరుగారు, "అమ్మా, ఇది సాక్ష్యాల సమయం, ఫిర్యాదులు తరవాత మాట్లాడుకుందాం" అన్నారు.

"గిదే సాక్ష్యం అయ్యగారూ" అంది లూదమ్మ. "తమ్మీ ఆత్మారాం, ఛాట్ తీసిన చేత్తోనే రొట్టె పంచుతవా? నేనైతే గీ నోటితోని తినలేను. మొదలు నేను మాఫీ అడగాల్సిన మనిషి బయట ఉంది." రొట్టె పళ్ళెం ముందునుంచే నడిచి బయటికి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఒక్క ఆమెన్ వినబడలేదు.

అంజవ్వ అరుగు మీద ఎడమచేత్తో ఆకు ఏరుతోంది. లూదమ్మ తెల్లచీరతోనే కింద కూలబడి అంతా చెప్పి, రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నాకు ఎర్కలే అంజవ్వా, మా దేవుని మీద ఒట్టు, నాకు ఎర్కలే."

"నాకు ఎప్పుడో ఎర్క గంగామణీ" అంది అంజవ్వ. ఆమెకు ఇంకా పాత పేరే నోటికి వస్తుంది. "నీకు గూడ ఎర్కనే అనుకున్న. ఎర్కుండే నాకు మీ ప్రభువును నమ్ముకోమని చెప్తున్నవ్ అనుకున్న. ఆరేండ్లు నీ పక్కన గట్లనే కూసున్న."

ఇంతకన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. ముప్పై ఏళ్ళ స్నేహితురాలు తనను దొంగ అనుకుని కూడా చాయ్ పోసిందంటే, ఆ చాయ్ ఎలా దిగింది తన గొంతులో! లూదమ్మ ఇంక ఏడవలేదు. కళ్ళు తుడుచుకుని, "రేపు నా ఎంబడి ఖానాకు రా" అంది.

సోమవారం ఖానా ముందు ఎప్పటిలాగే వరస. సంఘం ఆడవాళ్ళు ఐదారుగురు లూదమ్మకు ఎడంగా జరిగి నిలబడ్డారు. ఈసారి కూడా ఇద్దరివీ లూదమ్మే చేసింది. తన వంతు రాగానే తన చాటలో కట్టలన్నీ అంజవ్వ చాటలో గుమ్మరించి, రెండు చేతులతో కలిపేసింది. రెండువేల బీడీలు ఒకటే కుప్ప.

"గిదేంది అక్కా? ఏవి ఎవలవి?" అన్నాడు ఆత్మారాం.

"చూస్తేనే తెలుస్తది గదా తమ్మీ నీకు, ఖరాబైన చెయ్యి ఏదో. ఏరు. ఎన్ని తీస్తవో తియ్యి, సగం నా మీద రాయి, సగం అవ్వ మీద రాయి. గీ వారమే గాదు, నేను బతికున్నన్ని దినాలు గిట్లనే తెస్త."

ఆత్మారాం చెయ్యి కుప్ప మీద ఆగిపోయింది. వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు. మేజా వెనక కూర్చున్న మేనేజరు, "క్యా హువా?" అని కేకేశాడు. ఆత్మారాం చెమట తుడుచుకుని, తల ఎత్తకుండా, కుప్పలోంచి నలభై తీసి బుట్టలో వేశాడు. ఇద్దరి మీదా ఇరవై, ఇరవై రాశాడు. ఇరవైకి కార్డు పోదు.

న్యాయం జరిగిందంటారా? జరగలేదు. నలభై మంచి బీడీలు అన్యాయంగానే పోయాయి. ఆ బుట్ట ఇంకా అక్కడే ఉంది. సంఘంలోని తక్కిన ఆడవాళ్ళు ఎవరి చాట వాళ్ళే పట్టుకుని ముందుకు జరిగారు. లూదమ్మకు ఒళ్ళంతా ఇంకా మండుతూనే ఉంది. ఖాళీ చాటలు చంకన పెట్టుకుని ఇద్దరూ ఎండలో ఇంటిదారి పట్టారు.

సగం దూరం వెళ్ళాక అంజవ్వ అడిగింది. "ఇరువై బీడీలు పోయినయి గదనే గంగామణీ. మీ దేవుడు నిన్ను దీవించుడు బంద్ చేసిండా?"

"లేదు అంజవ్వా" అంది లూదమ్మ. "గిప్పుడే షురూ చేసిండు."