మా ఊరి అజాన్‌కు విడిచిన ఒక్కపొద్దు

ఆదివారం, రంజాన్ నెల ఇరవై మూడో ఒక్కపొద్దు, సాయంత్రం నాలుగు గంటల యాభై ఆరు నిమిషాలు. ఒమాన్ గడియారం లెక్క అది. కడప జిల్లాలో మా ఊరికి అప్పటికి ఆరూ ఇరవై ఆరు. రెండు గడియారాల మధ్య గంటన్నర తేడా. ఆ తేడా తెలిసే తప్పు చేశాను.

రుస్తాఖ్‌లో ఒక ఒమానీల ఇంట్లో వంటమనిషిని నేను. పదకొండేళ్లయింది. మేం దూదేకుల వాళ్లం. నమాజు అరబీలో, మిగతా బతుకంతా తెలుగులో. నాకు అక్షరాలు వచ్చింది మొన్నమొన్ననే, యాభై మూడేళ్లకు. నేర్పింది ఈ ఇంటి డ్రైవరు. జగిత్యాల దిక్కు మనిషి, హిందువు, నాకంటే పదిహేనేళ్లు చిన్న, అక్కా అంటాడు. రంజాన్ వచ్చిందంటే మసీదు వాళ్లు వేళల కాగితం ఇస్తారు. తెల్లారకముందు తినే సహరీ ఎప్పటికి ముగించాలి, ఫజర్ ఎప్పుడు, పొద్దు గూకినాక ఒక్కపొద్దు విడిచే మగ్రిబ్ ఎప్పుడు, అంతా అరబీలో ఉంటుంది. దాన్ని డ్రైవరు ఫ్రిజ్‌కు అంటించి అంచు వెంబడి తెలుగులో రాసిపెట్టాడు. బతుకులో నేను చదివిన మొదటి మాట 'సహరీ'. రెండో మాట 'మగ్రిబ్'. ఆ గ్రి దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. కాబట్టి ఆ రోజు మగ్రిబ్ ఎప్పుడో నాకు తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆరూ ఇరవై మూడు. పొద్దునే చదివాను.

మా ఆయన మా ఊరి మసీదులో మౌజన్. ఐదు పూటలా అజాన్ ఇచ్చేది ఆయనే. పెళ్లయిన మొదటి రంజాన్ నుంచి నేను ఇక్కడికి వచ్చేదాకా ఆయన గొంతు వినందే నా నోట్లోకి నీళ్లు పోలేదు. మసీదుకూ మా ఇంటికీ మధ్య మూడే ఇళ్లు. గంజి గిన్నె ముందు కూర్చుని, నీళ్ల చెంబు చేత పట్టుకుని కాచుకునేదాన్ని. ఆయన 'అల్లాహు' అని మొదలుపెడితే చాలు, ఆ మాట సగంలో ఉండగానే తాగేసేదాన్ని. నమాజు ముగించి ఇంటికొచ్చి, "నీకు రోంతసేపు కూడా ఆగబుద్ధి కాదే?" అని ఎగతాళి చేసేవాడు. ఊరంతా ఆయన గొంతుతో ఒక్కపొద్దు విడిచేది. అందరికంటే ముందు విడిచేది నేను. అదొక పొగరు నాకు.

ఇక్కడా అజాన్ వినిపిస్తుంది. మా ఆయన గొంతుకంటే బాగుంటుంది, దాచుకోవడం ఎందుకు. ఈ ఇంటి పెద్దావిడను మేం మామా అంటాం, అరబ్బుల ఇళ్లలో యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఆవిడ నన్ను రాత్రి తరావీ నమాజుకు తనతోపాటు మసీదుకు తీసుకుపోతుంది. ఆడవాళ్లకు వేరే గది, చల్లటి గాలి, మెత్తటి తివాచీ. మా ఊళ్లో ఆడవాళ్లం మసీదు గడప తొక్కింది లేదు. ఇన్ని ఉన్నా సాయంత్రం మొదటి గుటక తాగేటప్పుడు చెవులు ఇంకేదో గొంతు కోసం వెతుకుతాయి. రెండేళ్లకోసారి సెలవిస్తారు గానీ రంజాన్‌లో ఇవ్వరు. ఆ నెలలోనే కదా వంట ఎక్కువ. పదకొండు రంజాన్లు ఇలాగే పోయాయి.

ఆ ఏడాది చలికాలంలో మా ఆయన గొంతులో గడ్డ లేచింది. తిరుపతిలో కోసి తీశారు. మాట తిరిగొచ్చింది, అజాన్ రాలేదు. మసీదు పెద్దలు పక్క ఊరి మనిషిని పెట్టుకున్నారు. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడానికే నాకు భయమేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఏమే, ఆ మౌజన్ వాళ్ల ఊరికి పోయినాడు. ఈ పొద్దు మగ్రిబ్‌కు నేనే ఇస్తాండా."

"గొంతు?"

"ఉండేది ఉండాది. ఇంటావా, ఇనవా?"

"ఇంటాలే."

"నీకప్పటికి ఇంకా పొద్దు గూకదు. ఊరికే ఇను, అంతే. మళ్లా ఇచ్చేదుంటాదో లేదో."

ఆయన హెచ్చరించాడు కూడా. అదీ రాయాలి కదా.

నాలుగున్నరకు సంబూసాలు మడిచి, తడిగుడ్డ కప్పి, ఫోన్ పట్టుకుని వంటింటి వెనక్కి పోయాను. అక్కడ డ్రైవరు గోడకు ఆనుకుని దొంగచాటుగా నీళ్లు తాగుతున్నాడు. రంజాన్‌లో పగలు పదిమందిలో తాగితే ఈ దేశంలో తప్పు, పైగా అతనికి నా ముందు తాగడం సిగ్గు. నన్ను చూసి సీసా వెనక్కి దాచుకున్నాడు.

"తాగు తాగు, నేనేం చూడలే" అన్నాను.

మా ఆయన ఫోన్‌ను జేబులో పెట్టుకున్నట్టున్నాడు. ముందు బట్ట రాపిడి వినిపించింది. తర్వాత దగ్గు. మైకు కీచుమంది. 'అల్లాహు' అని ఎత్తాడు, గొంతు విరిగింది. ఆగిపోయాడు. మా ఊరంతా చేతిలో ఖర్జూరం పట్టుకుని కాచుకుని ఉంటారు ఆ క్షణంలో. నేను గోడ పట్టుకున్నాను. పలుకు, పలుకు అంటున్నాను, బయటికే అన్నానో ఏమో. మళ్లీ ఎత్తాడు. ఈసారి గరగరలాడుతూనే లేచింది. ఆ మాట సగానికి రాకముందే నా చేయి డ్రైవరు చేతిలోని సీసాను లాక్కుంది. మూడు గుటకలు తాగాను.

"అక్కా! ఏం జేస్తున్నవే! ఇంక టైం గాలే!"

వినపడింది. మూడో గుటక ఆ తర్వాతే తాగాను.

అజాన్ ముగిసింది, ఫోన్ కట్టయింది. డ్రైవరు నా మొహంలోకి చూశాడు.

"మర్శిపోయినవ్ గదా? మర్శిపోయి తాగితే ఏం గాదంట, మామా ఓసారి జెప్పింది."

నేను సీసా అతని చేతికి తిరిగిచ్చాను.

"అగో, సూడు. పొద్దు గుట్ట ఎనకకు వొయ్యింది, ఇల్లంత నీడ వడ్డది. ఎవలికైనా మగ్రిబ్ అయ్యిందనే అనిపిస్తది. గట్లనే జెప్పు." తర్వాత ఖాళీ సీసా చూసుకుని, "నేను దాసుకొని తాగుతుంటే నా సీసనే గుంజుకుంటివి. ఇగ నేనేడికి వోవాలె?" అన్నాడు.

నీడ మాట నిజమే. ఈ ఒమానీల ఇల్లు కొండ కిందే ఉంటుంది, అసలు పొద్దు గూకడానికి చాలా ముందే వాకిలి మసకబారుతుంది. మొదటి ఏడాది నేను ఆ నీడ చూసి ఖర్జూరం నోటిదాకా తెచ్చుకుంటే మామా చేయి పట్టుకుని ఆపింది. పదకొండో ఏట ఆ నీడ నన్ను మోసం చేయదు.

మగ్రిబ్ దాకా మళ్లీ ఏమీ నోట్లో పెట్టలేదు. చెడిన ఒక్కపొద్దయినా పట్టుకునే ఉండాలి. సంబూసాలు వేయించాను, గోధుమలూ మాంసమూ ఉడికించిన హరీస్ ఎనిపాను. ఆరూ ఇరవై మూడుకు వాకిట్లో చాప మీద మామా, ఆవిడ కోడళ్లిద్దరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను గానీ ఖర్జూరం మీదికి చేయి పోలేదు. మామా చూసింది. ఏమైందని అడిగింది. నాకొచ్చిన అరబీలో చెప్పాను, అజాన్ కాకముందే నీళ్లు తాగానని.

"నసీతి?" అంది. మరిచిపోయావా, అని. ఆవిడే మళ్లీ మెల్లగా అంది, మరిచిపోయి తాగితే అది అల్లా తాపినట్టే, బాధపడకు, తిను. వాకిలి చివర నిలబడిన డ్రైవరు, ఊ అను, ఊ అను అని తల ఊపుతున్నాడు. ఒక్క ఊ అంటే చాలు. ఇరవై మూడో ఒక్కపొద్దు నాకు దక్కుతుంది. మా ఆయన గొంతు మాత్రం పొరపాటయిపోతుంది. నేను మరిచిపోయి తాగలేదు, ఆయన పిలిస్తే తాగాను. దాన్ని మరుపు అని ఎలా చెప్పను?

"లా" అన్నాను. కాదు. "మరువలేదు. తెలిసే తాగాను."

పెద్దకోడలు అస్తగ్ఫిరుల్లా, అల్లా క్షమించుగాక, అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మామా ఖర్జూరాల పళ్లెం నా ముందుకు జరిపింది. ముందు తిను, అంది. తిన్నాను. అందరి ముందరే మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ముందు దగ్గు వినిపించింది. తర్వాత, మౌజన్ కదా, మౌజన్ మాటే వచ్చింది.

"తెలిసి తాగినందుకు అరవై ఒక్కపొద్దులు. వరసగా. నడమ ఒకటి తప్పితే మళ్లా మొదట్నించి."

"తెలుసు."

"ఏమే."

"ఆఁ."

"నా గొంతు అంత బాగుండాదా?"

"బాగలేదు. రేకుడబ్బా గీకినట్టుండాది."

"మరి?"

"మరేముంది."

డ్రైవరు ఫక్కున నవ్వాడు. మామా ఏమిటేమిటని అడిగితే హిందీలో చెప్పాడు. ఆవిడ కూడా నవ్వి, ముసుగు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పండగ మర్నాడు మొదలుపెట్టి, బక్రీద్ లోపల అరవై ఒక్కపొద్దులూ ముగించాను. ఎండలు ముదిరాయి, పొయ్యి దగ్గర రెండుసార్లు కళ్లు తిరిగాయి. ఒక్కటీ తప్పలేదు. ఆ పక్క ఊరి మనిషి తిరిగొచ్చాడు, మా ఆయన ఇప్పుడు వరసలో నిలబడి నమాజు చేసుకుంటున్నాడు. మళ్లీ అజాన్ ఇవ్వలేదు. నేను తౌబా చేసుకున్నాను. పశ్చాత్తాపం ఎంత అంటే, అరవై రోజులంత. అంతకంటే ఒక్క రోజు ఎక్కువ అడిగినా నా దగ్గర లేదు.

పాపం ఆమె పొరపాటు పడిందిలే అని రేపు ఎవరూ నా తరఫున సర్దిచెప్పకుండా, నేను తప్పు ఒప్పుకున్నప్పుడు ఎవరెవరు ఉన్నారో రాసిపెడుతున్నాను. పళ్లెం నా ముందుకు జరిపిన మామా. ఆవిడ పెద్దకోడలు. చిన్నకోడలు, ఆమె ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ. వాకిలి చివర జగిత్యాల డ్రైవరు. ఫోన్‌లో మా ఆయన. నేను.