కలెక్టరు గారు, ఒక జత చెప్పులు

మా వైపు తోతాపురి మామిడిని కలెక్టరు కాయ అంటారు. మాటల్లో ఆ కాయ కూడా ఎగిరిపోయి ఉత్త కలెక్టరే మిగులుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మా నాయనమ్మ చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

ఆ ఏడాది గాలివానకు, గుత్తకు తీసుకున్న మామిడితోటల్లో కాయంతా రాలిపోయి, నాన్న ఐపీ పెట్టాడు. అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవడాన్ని మా వైపు అలాగే అంటారు, అదీ తిట్టినట్టు అంటారు. ఇక ఇంటిమీదికొచ్చి ఎవరూ అరవకూడదు, ఏం అడగాలన్నా కోర్టులోనే అడగాలి అని లాయరు గారు కోర్టు కాగితం చేతిలో పెట్టి విడమరిచి చెప్పారు. నాన్న దాన్ని ట్రంకుపెట్టెలో దాచి, తనూ వెనకగదిలో దాక్కున్నాడు. నెల దాటినా వసారాలోకి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. కాగితం మనిషికిచ్చారా, పెట్టెకిచ్చారా?

ఒకరోజు పొద్దున్నే ఫోను మోగితే నాయనమ్మ ఎత్తింది. స్పీకరు పెడితేగానీ ఆవిడకు వినపడదు కాబట్టి ఇల్లంతా విన్నాం. అప్పిచ్చిన ఫైనాన్సు వాళ్ళ మనిషి, ఊరికి కొత్త. కలెక్షన్ నుంచి మాట్లాడుతున్నానన్నాడు.

"కలెక్టరా? మా ఇంట్లోనే బాబూ. నిన్న సాయంత్రమే దింపాం."

"ఎన్నాళ్ళుంటారండీ?" అన్నాడు మెల్లగా.

"వారం. ఆపైన కుళ్ళు కంపే."

గంటలో మోటారు సైకిలు మీద దిగాడు. చొక్కా టక్ చేసుకుని, చెప్పులు గేటు దగ్గరే విడిచి, సారు లేచారా అని గుసగుసగా అడిగాడు. నాయనమ్మ పెరటిచెట్టు కాయల గంప చూపించింది. అతని మొహం కందిపోయింది. ఇక చూడండి, ఐపీ పెట్టి దాక్కుంటే వదిలేస్తామా అంటూ వీధి వీధంతా వినేలా అందుకున్నాడు. వెనకగది గడియ పడిన చప్పుడైంది.

నాయనమ్మ మాత్రం ఎండన పడి వచ్చావంటూ ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది ముక్కలు చేతిలో పెట్టింది. నోరు నిండాక అరుపు ఆగింది. ఆవిడ అక్కడితో ఊరుకుందా? నాలుగు కాయలు సంచిలో వేసి, బాకీ కింద జమేసుకోమంది.

గడియ ఊడింది. నాన్న బనీనుతోనే, కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఆగు. ఒక్క కాయ కూడా ఇవ్వకూడదు. ఒకళ్ళకిచ్చి మిగతావాళ్ళకి ఎగ్గొట్టామంటారు. లాయరు గారు మరీ మరీ చెప్పారు."

తర్వాత కాగితం చదివాడు. మొదటి వరుసకు గొంతు వణికింది, మూడో వరుసకు నిలబడింది. అతను సంచి కింద పెట్టాడు.

"మరి తిన్న ముక్కల సంగతేంటండీ?"

నాన్న నిజంగానే ఆలోచించాడు. "అవి మర్యాద కింద. బాకీ కింద కాదు."

అతను కంగారులో చెప్పులు మరిచిపోయి బండెక్కాడు. అది చూసి నాన్న ఊరుకోలేకపోయాడు. నెలరోజులుగా గడప దాటని మనిషి, రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని, ఏవండీ, ఏవండీ అంటూ వీధి చివరిదాకా పరుగెత్తాడు. నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. కొట్టడానికే తరుముతున్నాడనుకుంది వీధంతా.

ఆ తర్వాత అరవడానికి మా ఇంటికి ఎవరూ రాలేదు. కోర్టు కాగితం మహిమ అని నాన్న ఇప్పటికీ వసారాలో కూర్చుని అందరికీ చెబుతాడు.