గేటు దగ్గర ట్రైలోబైట్లు

జలుమూరి విక్టర్ సుందరరావు గారిని నేను మొట్టమొదట చూసినది ఒక చావింటి గేటు దగ్గర. మా ప్రధానోపాధ్యాయుల వారి తల్లిగారు కాలం చేశారు. అల్పపీడనం పట్టి ఒకటే ముసురు. నరసన్నపేట వీధులన్నీ బురద. గొడుగు ముడిచి లోపలికి అడుగు పెట్టబోతున్న నన్ను, మా పాఠశాలకు కొత్తగా వచ్చిన ఈ జీవశాస్త్రం మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"ఒక్క నిమిషం, మేడమ్. యాభై కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున ఏటుండేదో మీకు తెలుసునా?"

నేను తెలుగు పండితురాలిని. తెలియదన్నాను. ఆయన దగ్గర ఆ మాట అనడం ఎంత ప్రమాదమో కూడా నాకు అప్పటికి తెలియదు.

"ట్రైలోబైట్లండీ! వీపు మీద పెంకు, కింద కీళ్ళ కాళ్ళు. బురదలో వాటిదే రాజ్యం..."

చాలాసేపటి తరువాత, తడిసిన చీరతో, ఎవరినీ పరామర్శించకుండానే ఇంటికి చేరాను.

ఆయనకున్న వింత జబ్బు ఇదొక్కటే. చుట్టుపక్కల ఎవరు పోయినా, చర్చివారైనా గుడివారైనా, ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి, వచ్చినవారికల్లా కీళ్ళకాళ్ళ జీవుల వంశచరిత్ర వినిపిస్తారు. చొక్కా జేబులో చిన్న రేకుడబ్బా, అందులో ఒక పీత. కళ్ళు, డెక్కలు, మీసాలతో సహా అచ్చమైన పీత. లోపల మాత్రం ఏమీ ఉండదు.

"పీతనుకుంటన్నారేటి? పీత ఇడిసిన అంగీ ఇది! రొయ్య, తేలు, జెర్రి, సీమ, సీతాకోకసిలక, అందరూ ఒకే ఇంటోళ్ళు. మనకి ఎముక లోపలుంటే ఈళ్ళకి పైనుంటాది. పెరగాలంటే ఇప్పీడమే!"

"దానిని నిర్మోచనం అంటారు, మాస్టారూ," అని ఒకసారి సరిదిద్దాను.

"ఆ మాటకి నా నోరు తిరగదండి. పీతకి మరీ కష్టం."

అరసవల్లిలో బట్టల వ్యాపారి నగరేశ్వరరావు గారి తండ్రిగారు పోయినప్పుడు బంధువులు వ్యాను నిండా వచ్చారు. సుందరరావు గారు గేటుకు అడ్డంగా నిలబడ్డారు. "ఇప్పుడు పాకుతున్న ఈ రోకలిబండ ఉన్నాదే, దీని పెద్దలు ఎనిమిదడుగులుండీవోరు. నీళ్ళల్లో మనిషిని మించిన తేళ్ళు. ఆకాశంలో కాకంత తూనీగలు!"

"ఎనిమిదడుగులకి కాళ్ళెన్నండీ?" అన్నాడు ఒక అమాయక వృద్ధుడు. వ్యాను మొత్తం ఆయనవైపు కొరకొర చూసింది. ఆ ప్రశ్నకు జవాబు ముగిసేసరికి చీకటి పడింది. వ్యాను వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"సావింటికాడ సీమల పురాణమేటండీ?" అని ఊరంతా విసుక్కునేది. సందర్భశుద్ధి లేని మనిషి అని నేనూ తీర్పు చెప్పాను. అయితే ఏ ఇంటివారూ ఆయనను పొమ్మన్నట్లు వినలేదు. ఇంకొక విచిత్రం: తరగతిలో ట్రైలోబైట్ల ఊసే ఎత్తేవారు కాదు. ఇంట్లో ఇంకా వింత. "బొద్దింకని సూస్తే ఈయన మంచమెక్కిపోతారండి. సీపురు నేనే అట్టుకోవాలి," అని వారి శ్రీమతి లీలారాణి గారు నవ్వేవారు.

ఆయనకు సరిజోడు దేముడమ్మ. చావు కబురు వింటే చాలు, ఆటో కట్టించుకుని వచ్చేది. పోయినవారి మనిషి పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకుని, "ఏటయిందమ్మా? మొదట్నించీ సెప్పు," అనేది. చెబితే ఏడ్చేది. ఆ వెంటనే మరొకరు వచ్చి కూర్చుంటే, "పాపం ఈవిడ ఇనలేదు, మళ్ళీ సెప్పు," అనేది. దుర్మార్గురాలు కాదు. అలా చెప్పిస్తే దుఃఖం దిగిపోతుందని గట్టిగా నమ్మిన మనిషి.

మావారు పోయినది కార్తీకమాసంలో, ఉదయం పూట. సుందరరావు గారు ఊళ్ళో లేరు. ఆ రోజంతా జనం. వచ్చిన ప్రతివారికీ నేను చెప్పాను: "కాఫీ గ్లాసు కింద పెట్టారు. పత్రిక తెమ్మన్నారు. తెచ్చేసరికి తల వాల్చేశారు." చెప్పగా చెప్పగా ఆ మూడు వాక్యాలూ నునుపు దేరి, నేను తరగతిలో ఒప్పజెప్పించే పాఠంలా తయారయ్యాయి. సాయంత్రానికి, అందులో మావారు లేరు, వాక్యాలే ఉన్నాయి. ఇంకొక్కసారి చెబితే ఆయన నాకు పూర్తిగా దక్కకుండా పోతారని భయం వేసింది.

మరునాడు మాత్రం ఎవరూ రాలేదు. మబ్బు పట్టిన ఉదయం, ఇల్లంతా నిశ్శబ్దం. పత్రిక ఒళ్ళో పెట్టుకుని, మావారిని నా ఇష్టప్రకారం తలచుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"తప్పుకో, మాస్టారూ. టీచరమ్మని పలకరించాల." దేముడమ్మ గొంతు.

"పలకరిద్దువు గాని అమ్మా. ముందిది సూడు. పెంకు ఇడిసిన పీత ఎలాగుంటాది?"

"నాకేటి తెలుసు? కూరొండుకోడమే తెలుసు."

"వెన్నలాగుంటాది. ఎవులు ముట్టుకున్నా గాయమే. అందికే రాతి కింద దూరిపోయి, కొత్త పెంకు గట్టిపడీదాకా బయటికి రాదు. యాభై కోట్ల ఏళ్ళ నించీ ఇదే వరస."

"అయితే?"

"అయితే ఏటుంది? లోపల ఇంకా గట్టిపడలేదు."

దేముడమ్మ నా కిటికీ వైపు ఒకసారి చూసింది. తరువాత ఆటోను పిలిచింది. వర్షంలో గొడుగైనా లేకుండా ఆ పొడవాటి మనిషి మళ్ళీ గేటుకు ఆనుకుని నిలబడ్డారు. ఆ వారమంతా అక్కడే ఉన్నారు. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. నన్ను ఏమీ అడగలేదు. హెడ్మాస్టరు గారూ, నగరేశ్వరరావు గారూ ఆయనను ఎందుకు పొమ్మనలేదో ఆ కిటికీ దగ్గర నాకు బోధపడింది.

నిరుడు వానకాలంలో ఆయన మంచం పట్టారు. శ్రీకాకుళంలో వారి ఇంటికి వెళ్ళాను. మనిషి సగమయ్యారు, బయట ఒకటే వాన. లీలారాణి గారు టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళగానే, ఆయన దిండు కింద నుంచి రేకుడబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

"ఒక్క సాయం, మేడమ్. నా తరవాత లీలకి నిర్మోచనం. సరిగ్గా అన్నానా?"

"అక్షరం తప్పు లేదు," అన్నాను. 

"గేటుకాడ మీరు నిలబడాల. బళ్ళో పిల్లల్ని గడగడలాడించిన గొంతుంది మీకు."

"నాకు ట్రైలోబైట్ల గురించి ఏమీ తెలియదు, మాస్టారూ. జనాన్ని ఎలా ఆపగలను?"

ఆయన వంటగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. కళ్ళు మాత్రం మొదటి రోజు గేటు దగ్గర మెరిసినట్లే మెరిశాయి.

"మీకు సమాసాలొచ్చు గదండీ? దేముడమ్మ ఆటో దిగగానే సమాసాలందుకోండి. ఒక్కటీ వొదలకండి."