చల్లపల్లి పెళ్లికే వెళ్లిన మా శీను

నిన్న పొద్దున రాజు ఫోన్ చేశాడు. రాజంటే మా శీను వాళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అబ్బాయి.

“అమ్మా, కంకిపాడులో డ్రమ్స్ బిగిస్తూ శీను పడిపోయాడు. ఇక లేడమ్మా” అన్నాడు.

కూర మాడుతోందని వెళ్లి స్టవ్ కట్టేశాను. ఆ తర్వాతే వాడన్న మాట అర్థమైంది.

గుండె ఆగిపోయిందట. నా కొడుక్కి.

నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు. అందుకే మా అమ్మాయి పేజీలో ఇది రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మద్రాసు నుంచి వచ్చే ఒక పెద్ద బ్యాండ్ అంటే వాడికి ప్రాణం. అవి క్యాసెట్ల రోజులు. మాది చేపల వ్యాపారం. బడి నుంచి రాగానే ఖాళీ చేపల ట్రేలు బోర్లించి, టేప్ రికార్డర్ పెట్టుకుని, ఆ బ్యాండ్‌తో పాటు వాయించేవాడు.

“ఏవమ్మా, మీ ఇంట్లో రోజూ పెళ్లేనా? భోజనాలు మాత్రం పెట్టరేంటండీ?” అనేవారు పక్కింటి మంగమ్మగారు.

“ఆ బ్యాండ్‌లో కూర్చున్న రోజు పెడతానులెండి పిన్నిగారూ” అనేవాడు వీడు.

ఒక్క పాటకి వాళ్లతో కూర్చోవాలి. వాడి కోరిక అంతే.

పెద్దయ్యాక వాళ్లు బెజవాడ వచ్చినప్పుడల్లా డ్రమ్స్ బిగించడానికి వెళ్లేవాడు. మధ్యాహ్నం మైక్ చెకింగ్‌కి వీడిచేత వాయించేవారు. సాయంత్రం వాళ్ల డ్రమ్మర్ వచ్చి కూర్చునేవాడు. వీడు స్టేజీ వెనక నిలబడేవాడు.

ఒకసారి ఆ డ్రమ్మర్‌కి జ్వరం వచ్చింది. మేనేజర్‌గారు మా ఇంటికే వచ్చారు.

“శీనూ, ఇవాళ నువ్వే కూర్చోవాలయ్యా” అన్నారు.

అప్పటి వాడి మొహం నేను మర్చిపోలేను.

కానీ ఆ రోజే చల్లపల్లిలో పెళ్లి ప్రోగ్రామ్ ఉంది. పెళ్లికూతురు తండ్రి ముందే తాంబూలం ఇచ్చి వెళ్లారు. మా వైపు వాయించేవాళ్ల చేతిలో ఆకూ వక్కా పడ్డాయంటే మాట ఇచ్చినట్టే.

“ఇంకొకణ్ని పంపరా. అక్కడ ఎవడు కొడితే ఏంటి? వాళ్ల ధ్యాసంతా భోజనాల మీదే” అన్నాను.

“తాంబూలం నేను పుచ్చుకుని ఇంకొకణ్ని ఎట్టా పంపుతానే? నన్ను నమ్ముకుని ఉన్నాడాయన.”

“నీ ఖర్మ! ఇట్టాంటిది మళ్లీ వస్తుందా?”

“వస్తుందిలేవే అమ్మా.”

వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గుంటూరు కుర్రాడెవరో ఆ సీట్లో కూర్చున్నాడు. బ్యాండ్ వాళ్లు ఆ కుర్రాణ్ని తమతో తీసుకెళ్లిపోయారు.

చల్లపల్లిలో ఏం జరిగిందో తెలుసా? రెండు పాటలు కాగానే పెళ్లికొడుకు మేనమామ తలనొప్పిగా ఉందని డ్రమ్స్ ఆపించేశాడట.

వాడు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.

మళ్లీ ఎవరూ పిలవలేదు. ఏళ్ల తరబడి ఎదురు చూశాడు. పైకి ఒక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్లు మంట. ఒక్కసారైనా అరిచి ఏడవొచ్చు కదరా!

నిన్నటి నుంచి వచ్చినవాళ్లందరూ “మాట మీద నిలబడే మనిషండీ” అంటున్నారు. నిజమే. ఆ మంచిపేరు నేనేం చేసుకోను?

ఆ ఒక్క రోజు మాట తప్పి, చెడ్డపేరు తెచ్చుకుని, వాళ్లతో కూర్చుని ఉంటే నాకు బాగుండేది.

వెళ్లిరా నాన్నా. నా కోపం నీ వెంట రానివ్వను. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.