వాల్వుకు వీపు ఆనించిన మనిషి

కొంకణ తీరంలో మాల్వణ్ పక్కన కోచరె మా ఊరు. ఏడో తరగతితో బడి వదిలి నౌకాదళంలో బాయిలర్ పనికి చేరాను. కొత్త ఓడను ఎవడైనా నడుపుతాడు. మా అమ్మ వయసున్న ఓడలో ఆవిరి పుట్టించి, ఒక్కడికీ ఒళ్లు కాలకుండా చూడడం ఈ శాంతారామ్ కోచరేకర్‌కే చెల్లింది. ఇది నా మాట కాదు, మా కెప్టెన్ ముంబై రేవులో అందరి ముందూ అన్న మాట.

ఆ ముసలి ఓడకు రెండు బాయిలర్లు. ఒకటి మండుతుండగానే రెండోదాన్ని చల్లార్చి, మనిషి లోపలికి దూరి ఉప్పు పెచ్చులు గీకాలి. రెంటినీ కలిపే ఆవిరి గొట్టానికి ఒక వాల్వు ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలివాడు కుడుములా ఉడికిపోతాడు. అందుకే మాలో ఒక ఆచారం. దూరేవాడు ఆ వాల్వు చక్రం ఊడదీసి తనతోనే లోపలికి తీసుకుపోతాడు.

కానీ పాత ఓడలో చక్రాలు అరిగీ విరిగీ పోతూనే ఉంటాయి. లేనిచోట రెంచితో తిప్పడం అందరికీ అలవాటు. చక్రం లేదంటే లోపల మనిషి ఉన్నాడని ఎవడికి తడుతుంది? అందుకని నేను వాల్వుకు వీపు ఆనించి కూర్చునేవాణ్ణి. కోడి పొదుగుతోందని నవ్వేవారు.

ఆ రోజు దూరింది నా బావమరిది భికాజీ.

"బావా, తిండిగంట కొట్టారని లేచావో, దయ్యమై వచ్చి నీ పక్కలోనే పడుకుంటా" అన్నాడు, చక్రం చంకన పెట్టుకుని.

"ముందు దూరు. ఒక్క పెచ్చు మిగిలినా మీ అక్కతో చెప్తా."

సాయంత్రానికి ఓడ కదలాలి. పైనుంచి ఒకటే తొందర. అప్పుడే సెలవు నుంచి వచ్చిన మా బాయిలర్ గది కుర్రాడు బల్కార్, గొట్టం వెచ్చబెట్టమన్నారని రెంచి పట్టుకుని దిగాడు.

"జరగండి ఉస్తాద్, వాల్వు తిప్పాలి."

"జరగను."

"మళ్లీ చక్రం పోగొట్టారా? ఈ ఓడ సగం సముద్రం అడుగునే ఉన్నట్టుంది!"

"చక్రం లోపలుంది. దాంతోపాటు నా బావమరిదీ ఉన్నాడు."

వేళాకోళం అనుకున్నాడు. నా భుజం మీదుగా రెంచి చాపాడు. వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సుత్తి తీసి బాయిలర్ మీద కొట్టాను.

"ఎవడ్రా అది? నా చెవులు పగిలిపోయాయి!" లోపలినుంచి భికాజీ అరిచాడు.

రెంచి జారి నేలమీద పడింది. బల్కార్ తన దేవుణ్ణి తలుచుకున్నాడు.

పైనుంచి కబురు మీద కబురు వచ్చింది. భికాజీ బయటికి వచ్చేదాకా నేను కదల్లేదు. ఓడ ఆలస్యమైంది. ఎందుకని అడిగిన అధికారికి తుప్పు మొహంతో నిలబడ్డ భికాజీని చూపించాను.

ఆ తర్వాత ఎవరు లోపలికి దూరినా, నాకంటే ముందే బల్కార్ వచ్చి వాల్వు దగ్గర కూర్చునేవాడు. ఆ ఓడను తుక్కు కింద విరగ్గొట్టేదాకా మా బాయిలర్ గదిలోకి నడిచి వచ్చినవాళ్లంతా నడిచే పైకి వెళ్లారు.