పాల పరీక్ష

మా అత్తవారింట్లో రెండు తరాలుగా ఆడపిల్ల పుట్టలేదు. అందుచేత పురిటి నుంచి వస్తూ నా పెద్దకూతుర్ని ఒళ్లో పెట్టుకుని పడవ దిగిన రోజున, ఆ పిల్ల మీద నాకు కూడా హక్కు ఉందన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తులేదు. మా మామగారు పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలోకి దిగి పిల్లని అందుకున్నారు. మా అత్తగారు గట్టు మీదే దిష్టి తీసి, ఆయన చేతుల్లోంచి పిల్లని లాక్కున్నారు. నేను నా మూట నేనే మోసుకుంటూ వెనకాల నడిచాను. కోపం రాలేదని చెప్పను గానీ, లోలోపల మురిసిపోయిన మాట కూడా నిజం.

ఆత్రేయపురానికి దిగువన కాలువ గట్టున ఉండేది మా ఊరు. అప్పుడు శ్రావణ మాసం. గోదావరికి వరద వస్తే మా కాలువ ఇటిక రంగుకి తిరిగేది. తాగడానికి పనికొచ్చే నుయ్యి ఊళ్లో లేదు కనక ఆ ఎర్రనీళ్లే బానల్లో పోసుకునేవాళ్లం. మా అత్తగారు రోజూ పొద్దున్నే పటిక ముక్క పట్టుకుని బానలో గిరగిరా తిప్పేవారు. మట్టంతా అడుక్కి దిగి పైన తేటనీళ్లు నిలిచేవి. ఆవిడది ధారాళమైన చెయ్యి. పప్పులో నెయ్యయినా, నీళ్లలో పటికైనా ఒకటే. ఆ నీళ్లు తాగితే నాలుక వగరుగా ముడుచుకుపోయేది. మా పుట్టింట్లో మంచి నుయ్యి ఉండేది గనక నాకు మొదట్లో మింగుడు పడలేదు. తర్వాత అలవాటైపోయింది.

వచ్చిన కొద్ది రోజులకే పిల్లకి కడుపునొప్పి పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు పొట్టకి ముడుచుకుని ఏడ్చేది. వస అరగదీసి నాకించాం, ఆముదం రాశాం. లాభం లేకపోయింది. మా మామగారు కాలువ అవతలి ఊరి నుంచి వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన చాలా మంచి పేరున్న మనిషి. పెద్ద బొట్టు, మెత్తని మాట. పిల్ల పొట్ట తడిమి చూసి, "ముందు తల్లి పాలు పరీక్ష చెయ్యాలండి" అన్నారు.

ఆ పరీక్ష ఆ రోజుల్లో అందరికీ తెలిసినదే. తల్లి పాలు నాలుగు చుక్కలు నీళ్లలో వేస్తారు. నీళ్లలో కలిసిపోతే మంచి పాలు. విడిగా నిలిచినా, అడుక్కి దిగినా దోషం ఉన్నట్టు. నేను గదిలో కూచుని గిన్నెలోకి పిండి ఇచ్చాను. మా అత్తగారు బానలోంచి తేటనీళ్లు ముంచి కంచుగిన్నెతో అరుగు మీదికి తీసుకెళ్లారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నా పాలు నీళ్లలో పడి పలుకులు పలుకులుగా విరిగి అడుక్కి దిగిపోయాయి.

"దోషం ఉందమ్మా" అన్నారు వైద్యులు. "నేను మందిస్తాను. పాలు శుద్ధి అయ్యేదాకా పిల్లకి పట్టొద్దు."

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని. నా ఒంట్లోంచి వచ్చిన పాలు నా బిడ్డకి పనికిరావట! మామగారి ముందు నోరు విప్పే అలవాటు ఆ ఇంట్లో కోడళ్లకి లేదు. నేను చెప్పాల్సిందేదైనా అత్తగారితో చెబితే, ఆవిడ ఆయనతో చెప్పేవారు. ఆవిడ చెప్పేసరికి నా మాట ఆవిడ మాటగా మారిపోయేది. అందుచేత నోరు మూసుకుని గదిలోకి పోయి ఏడ్చాను.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు కచేరీ అయిపోయింది. పిల్లకి ఏ పాలు పట్టాలన్నదే వ్యాజ్యం.

అత్తగారిది ఆవు పక్షం. "ఆవు పాలు తాగిన పిల్ల చలాకీగా ఉంటాదండీ. గేదె పాలు పోస్తే గేదెలాగే కూచున్న చోట కూచుంటాది."

"నేను పుట్టిన కాడి నుంచీ గేదె పాలే తాగేనే" అన్నారు మామగారు.

"అదే నేనూ చెబుతున్నాను" అన్నారు అత్తగారు.

మామగారికి కోపం వచ్చి ఆ పూట పెరుగు వేసుకోలేదు. మర్నాడు మళ్లీ వేసుకున్నారనుకోండి.

మావారు మెట్రిక్యులేషన్ చదివినవారు. పశువుల పాల గొడవ ఆయనకి మోటుగా కనిపించింది. పడవెక్కి రాజమహేంద్రవరం పోయి, అక్కడ ఆసుపత్రిలో డాక్టరు దొరసానిని అడిగి, దొరల సీమ నుంచి ఓడలో వచ్చిన డబ్బా పాలు పట్టుకొచ్చారు. దాంతోబాటు ఒక సలహా కూడా తెచ్చారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా పాలు పట్టకూడదట, గడియారం చూసి పట్టాలట. మా నాన్న పెళ్లిలో పెట్టిన జేబు గడియారం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దానికి నడవాలనిపిస్తే నడిచేది, లేకపోతే లేదు. అది ఆగిపోయినప్పుడల్లా ఈయన చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. ఈలోగా పిల్ల గుక్క పట్టేది.

డబ్బా మూత ఎలా తియ్యాలో ఎవరికీ తెలియలేదు. చివరికి కొబ్బరికాయలు కొట్టే కత్తితో చీల్చారు. లోపల పాలు తేనెలాగ చిక్కగా ఉన్నాయి.

"ఇవి ఏ గొడ్డు పాలురా?" అన్నారు అత్తగారు ముక్కున వేలేసుకుని.

"సీమ ఆవువే అమ్మా."

"చూసేవా నువ్వు?"

 మావారు మటుకు పట్టు విడవలేదు. ఒక పూట ఆవు పాలు, ఒక పూట గేదె పాలు, ఒక పూట డబ్బా పాలు. ఉగ్గుగిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తిరుగుతూనే ఉండేది. ఎవరు పట్టినా, "చూడండి, నా చేత్తో పడితే ఎంత బాగా తాగిందో" అనేవారు. కాసేపటికి అదంతా వాళ్ల భుజం మీదే కక్కేసేది నా కూతురు. ఒక మధ్యాహ్నం డబ్బా పాలు సగానికి తగ్గాయని మావారు చీమల మీద కేకలేస్తుంటే, అత్తగారు వెళ్లి మామగారి మీసం కేసి చూశారు. మీసానికి పాలు ఎండి మెరుస్తున్నాయి. "పిల్లకి పడతాయో పడవో అని రుచి చూసేనే" అన్నారాయన. అత్తగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. అంత దిగుల్లోనూ నేనూ ఆవిడా పొయ్యి దగ్గర కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

కానీ పిల్ల బుగ్గలు జారిపోతున్నాయి. అది నా కొంగు పట్టుకుని మూతి నా రొమ్ము కేసి తిప్పినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడిపోయేది. నాకు పాలు చేపి జాకెట్టు తడిసిపోయేది. అవి నేల మీద పడి ఎవరి కాలికిందా పడకూడదంటారని, పెరట్లో మల్లెపాదులో పిండి వచ్చేదాన్ని. మల్లెతీగ మటుకు ఏ దోషమూ లేకుండా చిగుళ్లు వేసింది. రోజురోజుకీ నా పాలు తగ్గుతున్నట్టు అనిపించేది. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే పూర్తిగా ఇంకిపోతాయి. అప్పుడు వైద్యులు శుద్ధి చేసి ఏం లాభం?

ఒక ముసురు రోజున ఆ వైద్యులు మందు తీసుకుని మళ్లీ వచ్చారు. ఆయన అరుగు మీద కూచున్నారో లేదో, మామగారు ఈ వ్యాజ్యం ఆయన ముందు పెట్టారు.

"మీ పరీక్షేదో వీటికీ పెట్టండి. నెగ్గిన పాలే మా పిల్లకి. ఓడినవాళ్లు ఇక నోరెత్తకూడదు."

అందరికీ ఆ మాట నచ్చింది. ఎవరి పాల మీద వాళ్లకి అంత నమ్మకం. మూడు గిన్నెల నిండా తేటనీళ్లు పోసి వరసగా పెట్టారు. ముందు అత్తగారి ఆవు పాలు వేశారు. పలుకులు పలుకులుగా విరిగి అడుక్కి దిగాయి. "అదీ!" అని మామగారు తొడ చరిచారు. తర్వాత గేదె పాలు. అవీ అడుక్కే పోయాయి. అత్తగారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావారు గొంతు సవరించుకుని, సీమ పాలు చెంచాతో తామే వేశారు. కాసేపు నీళ్లు తెల్లబడ్డాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. అంతలోనే అవీ విరిగి కిందికి దిగడం మొదలెట్టాయి.

 "కలికాలం" అని వైద్యులు నెమ్మదిగా అన్నారు.

తలుపు చాటు నుంచి ఇదంతా చూస్తున్న నాకు ఒళ్లు మండుకొచ్చింది. నా పాలలో దోషం ఉందంటే సరే, నేనేదో తినకూడనిది తిన్నాననుకుందాం. మా ఆవు ఏం తింది? సీమలో ఆవు ఏం తింది? నా పక్కనే నీళ్ల బాన ఉంది. ఆ మంట చల్లారడానికి ఒక గుక్క తాగాను. నాలుక ముడుచుకుపోయింది. చింతపండు పిసికిన చెయ్యి తగిలితేనే విరిగిపోతాయి పాలు. ఇంత వగరులో పడితే ఊరుకుంటాయా?

మండువాలో వాన పడుతోంది. అక్కడ పెట్టిన గంగాళం నిండి పొర్లుతోంది. గిన్నె ఒకటి తీసుకుని అందులోంచి వాననీళ్లు ముంచాను. గదిలోకి పోయి ఇంకో గిన్నెలోకి నాలుగు చుక్కలు పిండాను. రెండూ పట్టుకుని గడప దాటి, మగవాళ్లు కూచున్న అరుగు మీదికి వెళ్లాను.  మావారు కళ్లతోనే లోపలికి పొమ్మంటున్నారు. నేను ఆయన వైపు చూస్తే కదా!

"మావయ్యగారండీ" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. "తప్పు పాలది కాదండి. మన నీళ్లలో పటిక ఉందండి. ఇవి వాననీళ్లు. ఇందులో వేసి చూడండి."

మామగారు నన్ను చూశారు, వైద్యుల్ని చూశారు. పాలగిన్నె అందుకుని ఆయనే వేశారు. నా పాలు నీళ్లలో పరుచుకుని, అడుగూ పైనా ఏకమై, గిన్నె అంతా ఒకే తెలుపు అయిపోయింది. విరగలేదు, దిగలేదు.

"ఓరి నా తల్లో!" అని అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "పటిక తిప్పింది నేనేగా!"

వైద్యులు ఆ గిన్నె ఎత్తి వెలుతుర్లో పెట్టి చూశారు. "మా ఊళ్లో నూతి నీళ్లండి. నాకు ఈ ఆలోచనే తట్టలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మంచి పాలమ్మా. మందు అక్కర్లేదు" అన్నారు. ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది.

మామగారు మీసం దువ్వుకున్నారు. "ఇదిగో, మన కోడలికి ఇంత గొంతుందని నాకు చెప్పేవు కాదేం?" అన్నారు అత్తగారితో. ఆవిడ వినిపించుకోలేదు. ఉయ్యాల్లోంచి పిల్లని ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టి, నన్ను గదిలోకి తోశారు.

పిల్లని ఒళ్లో వేసుకున్నాను. అది మరిచిపోయి ఉంటుందేమో, నాకు పాలు ఇంకిపోయి ఉంటాయేమో అని ఒకటే భయం. అది నా ముఖం చూసింది, మూతి ఆనించింది, ఆగింది. తర్వాత ఇన్నాళ్ల కోపమూ తీర్చుకుంటున్నట్టు పట్టుకుంది. నేను గట్టిగా ఏడ్చేశాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు. అత్తగారు నా పక్కనే కూచుని, తన కళ్లు తుడుచుకున్న కొంగుతోనే నా కళ్లు తుడిచారు.

మావారు గుమ్మంలో నిలబడి జేబులోంచి గడియారం తీశారు.

"దొరసాని చెప్పిందీ, ఒక్కో వైపు ఇంతసేపే..."

నేను చెయ్యి చాపాను. ఆయన నా ముఖం చూసి గడియారం నా చేతిలో పెట్టారు. పిల్ల దాని గొలుసు గుప్పిట్లో బిగించుకుని, పొట్ట నిండేదాకా తాగి, అలాగే నిద్రపోయింది.